ఓడ గంట లోపలి పేరు

ఫిబ్రవరి 12, బుధవారం ఉదయం ఏడు గంటలకు కొత్తలంకపాలెం చర్చి గంటను కిందికి దించారు. శుక్రవారం దించాల్సింది. బరువులు దించే చైన్ బ్లాకు అద్దెకిచ్చే మనిషికి శుక్రవారం వేరే పని పడింది, బుధవారం అయితే వస్తానన్నాడు. కమిటీ సరేనంది. నలుగురు పట్టి గంటను టాటా ఏస్‌లో పెట్టారు, మీద గోనెసంచులు కప్పారు. ఎనిమిదిన్నరకు బండి గుడివాడ బయల్దేరింది. గుడి గంటలకు, ఇత్తడి సామాన్లకు పాలిష్ పెట్టే షాపు అక్కడ ఉంది.

ఆ గంటను ఊరికి తెచ్చిన దైవాధీనం ఆ ఉదయం ఊళ్ళో లేడు.

దైవాధీనానికి ఎనభై ఆరేళ్ళు. నౌకాదళంలో స్టోకరుగా, అంటే బాయిలర్ల దగ్గర, పంతొమ్మిదేళ్ళు పని చేశాడు. అందులో ఎక్కువ భాగం ఒక్క ఓడలోనే. మంగళవారం కంటి పరీక్షకు మచిలీపట్నం వెళ్ళి, ఆ రాత్రికి సీతారామాంజనేయులు ఇంట్లో ఉండిపోయాడు. సీతారామాంజనేయులుది అదే ఓడ. అక్కడ ఆఫీసు కాగితాలు చూసే రైటరు. ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. అరవై ఏళ్ళుగా ఒకాయన స్టోకరు, ఇంకొకాయన రైటరు.

కొత్తలంకపాలెంలో చర్చి పడగొట్టి కొత్తది కట్టారు. కమిటీ సెక్రటరీ జకరయ్య దైవాధీనం కొడుకే. అవనిగడ్డలో రొయ్యల మేత దుకాణం నడుపుతాడు. గంట తళతళలాడేలా పాలిష్ పెట్టించాలని, కొత్త గంటస్తంభం కింద ఆ ఓడ చరిత్ర రాతి మీద చెక్కించాలని అతనే ప్రతిపాదించాడు. తండ్రి పేరు నిలబడుతుందన్నాడు. చరిత్ర రాసే పని సీతారామాంజనేయులుకు అప్పగించారు.

మంగళవారం సాయంత్రం ఆయన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

"ఎన్ని లైన్లన్నాడు మీవాడు?"

"పదకొండు."

"రెండు దేశాలు, రెండు యుద్ధాలు, నలభై రెండేళ్ళు. పదకొండు లైన్లు. మేత సంచి మీద అచ్చేసుకునేదనుకుంటున్నాడా?"

"రాయి అంతే ఉందంట రైటరూ."

"అయితే నువ్వు బాయిలర్ రూములో నిద్రపోయిన ఏళ్ళు తీసేస్తాను. సరిపోతుంది."

"నిద్ర నాదా? టైపు మిషను మీద తల పెట్టుకుని, బుగ్గ మీద అక్షరాలతో లేచినోడు ఎవడు?"

సీతారామాంజనేయులు భార్య లలిత చుక్కల మందు సీసా తెచ్చింది. "అన్నయ్య గారూ, తల వెనక్కి పెట్టండి. యుద్ధం తర్వాత చేసుకోవచ్చు."

ఓడ 1942లో ఇంగ్లండులో కట్టింది. క్రూయిజరు రకం యుద్ధనౌక. అప్పటి పేరు సెల్బీ. 1943లో మంచు సముద్రం మీదుగా రష్యాకు సరుకు తీసుకెళ్ళే ఓడలకు కాపలాగా వెళ్ళింది. ఆ ఏడాది ఒక గుండు బాయిలర్ రూము పక్క గోడను చీల్చుకుని లోపలికి వచ్చింది. పదకొండు మంది పోయారు. చీలిన చోట ఉక్కు రేకు వేసి బోల్టులు బిగించారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత దైవాధీనం ఆ గదిలోకి దిగినప్పుడు స్టోకర్లు ఆ బోల్టులకు తువ్వాళ్ళు తగిలించుకునేవారు. అవి ఎందుకున్నాయో అతనికి ఏడాది వరకు ఎవరూ చెప్పలేదు.

1956లో భారతదేశం ఆ ఓడను కొని విదిశ అని పేరు పెట్టింది. పేరు మారినా గంట మారలేదు. గంట మీద సెల్బీ 1942 అనే ఉండిపోయింది. 1961లో విదిశ గోవా వెళ్ళింది. 1971 డిసెంబరులో పశ్చిమ సముద్రంలో ఉంది. పైన ఏం జరుగుతోందో కింద బాయిలర్ల దగ్గరి వాళ్ళకు మైకులో చెప్పేవారు. బాయిలర్ల హోరులో దైవాధీనానికి సగం వినపడేది కాదు. ఆ తర్వాత దానికి యుద్ధం లేదు. కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చే ఓడ అయింది. 1984లో బొంబాయిలో విరగ్గొట్టారు.

"బాప్తిస్మాల సంగతి రాయనా?" అని సీతారామాంజనేయులు అడిగాడు.

దైవాధీనం కళ్ళు మూసుకుని ఉన్నాడు. మందు చెంప మీదికి కారుతోంది.

"ఇప్పుడే వద్దు. ముందు మా ఆవిడకు చూపించనీ. శుక్రవారం దించుతారు. దించగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను."

"చెప్పావా కృపాకుమారికి?"

"చెప్పలేదు. చూపిస్తాను."

ఇంగ్లీషు ఓడల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఓడలో పని చేసేవాళ్ళ బిడ్డకు బాప్తిస్మం ఇవ్వాలంటే గంటను తలకిందులు చేసి నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళతోనే బాప్తిస్మం. తర్వాత ఎప్పుడో తీరిక చూసి, ఓడ వడ్రంగి గంట లోపలి వైపు ఆ బిడ్డ పేరూ, బాప్తిస్మం ఇచ్చిన సంవత్సరమూ చెక్కుతాడు. ఇంటిపేరు, తండ్రిపేరు ఉండవు. ఓడతోపాటు ఆ ఆనవాయితీ కూడా విదిశకు వచ్చింది. గంటలో ఏడు పేర్లు ఉండేవి. ఏడోది జెస్సీ, 1971. దైవాధీనం, కృపాకుమారిల మొదటి బిడ్డ. ఓడ విశాఖపట్నంలో ఉన్నప్పుడు బాప్తిస్మం జరిగింది. పేరు చెక్కే నాటికి కృపాకుమారి బిడ్డతో ఊరికి వెళ్ళిపోయింది.

ఊళ్ళో జెస్సీ అని ఎవరూ పిలవలేదు. ఇంట్లో, వీధిలో చిట్టి.

1977 నవంబరు 19 శనివారం ఉప్పెన వచ్చింది. విదిశ అప్పుడు కొచ్చిలో ఉంది. దైవాధీనం సెలవు కాగితం సీతారామాంజనేయులే టైపు చేశాడు. దైవాధీనం ఊరు చేరేసరికి ఊరు లేదు. కృపాకుమారి తాటిచెట్టు పట్టుకుని బతికింది. చిట్టి చెయ్యి ఆమె చేతిలోంచి జారిపోయింది. బిడ్డ దొరకలేదు. ఏడేళ్ళు. ఫొటో లేదు. చర్చి పుస్తకం, చర్చి, చర్చి గంట అన్నీ నీళ్ళలో పోయాయి.

ఆ తర్వాత కృపాకుమారి బిడ్డ మాట ఎత్తలేదు. ఆమె ముందు ఎవరూ ఎత్తలేదు. 1980లో జకరయ్య పుట్టాడు. ఉప్పెనలో అక్క పోయిందని, పేరు చిట్టి అని ఊరివాళ్ళ వల్ల తెలుసుకున్నాడు. ఇంట్లో అడగకూడదని కూడా తెలుసుకున్నాడు.

1984లో ఓడను విరగ్గొడుతున్నారని సీతారామాంజనేయులు కార్డు రాస్తే దైవాధీనం బొంబాయి వెళ్ళాడు. పాతసామాను వాళ్ళ దగ్గర గంట కొని రైల్లో, లారీలో ఊరికి తెచ్చాడు. ఉప్పెనలో పోయినవాళ్ళ జ్ఞాపకార్థం అన్నాడు. చర్చికి గంట లేదు, అందరూ సంతోషించారు. బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన గంట అదేనని కృపాకుమారికి తెలుసు. లోపల పేరుందని తెలియదు. అప్పటి నుంచి ఆదివారం గంట ఆగాకే ఆమె ఇల్లు కదిలేది. "కృపాకుమారమ్మ వచ్చిందంటే మొదటి పాట అయిపోయినట్టే" అని ఊళ్ళో వేళాకోళం చేసేవారు.

ఏటా నవంబరు 19న దైవాధీనం నిచ్చెన ఎక్కి, గంట లోపలికి చెయ్యి పెట్టి ఆ పేరు తడిమి దిగేవాడు. గంటకు నూనె పెడుతున్నాడనుకునేవారు. డెబ్బై ఎనిమిదో ఏట మోకాళ్ళు పట్టేసి మానేశాడు.

బుధవారం మధ్యాహ్నం బస్సు దిగి నడిచి వస్తూ ఆయన తల ఎత్తి చూశాడు. పాత స్తంభానికి తాడు మాత్రం ఉంది.

ఇంటికి వెళ్ళి కొడుక్కి ఫోన్ చేశాడు. బాయిలర్ల దగ్గర చెవులు పోయాయి కాబట్టి ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. అవతలి మనిషి ఏమన్నా ఇంట్లో అందరికీ వినపడుతుంది. ఆయన కూడా అరిచే మాట్లాడతాడు. కృపాకుమారి పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"గంట ఎప్పుడు దించారు?"

"పొద్దున నాన్నా. శుక్రవారం వాడికి కుదర్లేదు. గుడివాడ వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక మీరే గుర్తుపట్టరు."

"పాలిష్ ఎప్పుడు పెడతారు?"

"రేపో ఎల్లుండో."

"నేను ఒకసారి చూశాక పెట్టమను."

"ఎందుకు నాన్నా?"

కృపాకుమారి తల ఎత్తలేదు. చిక్కుడుకాయ విరిచింది.

"ఊరికే," అన్నాడు దైవాధీనం.

"చూద్దురుగాని. లోడు వచ్చింది, ఉంటాను మరి."

తర్వాత ఆయన కొడుక్కి మళ్ళీ ఫోన్ చేద్దామని పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి అరిచినా ఇంట్లోకి వినపడుతుంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గురువారం తెల్లవారాక, కంటి చీటీ మచిలీపట్నంలో మర్చిపోయానని భార్యతో చెప్పి అవనిగడ్డలో గుడివాడ బస్సు ఎక్కాడు. మోపిదేవి దాటాక కండక్టరు చేత ఫోన్ చేయించి సీతారామాంజనేయులుకు విషయం చెప్పించాడు. మొవ్వ దగ్గర వరికోత మిషను రోడ్డుకు అడ్డంగా తిరుగుతోంది. బస్సు అక్కడ ఆగింది. గుడివాడ చేరేసరికి పదకొండయింది. సీతారామాంజనేయులు అప్పటికే మచిలీపట్నం బస్సు దిగి స్టాండులో నిలబడి ఉన్నాడు.

"కంటి చీటీ మా ఇంట్లో మర్చిపోయి గుడివాడ వచ్చావా స్టోకరూ?"

"నడువు."

పాలిష్ షాపు యజమాని కొండలరావు వాళ్ళను చూసి మిషను ఆపించాడు.

"మిలట్రీ నాన్నగారు మీరేనా? అబ్బాయి గారు చెప్పారు. రండి, చూడండి. మొహం చూసుకోవచ్చు."

గంటను రెండు లారీ టైర్ల మీద మూతి పైకి పెట్టి ఉంచారు. బయట సెల్బీ 1942 అన్న అక్షరాలు ఉన్నాయి. దైవాధీనం వంగి కుడిచెయ్యి లోపలికి పెట్టాడు. గంట నాలుక తగిలించే కొక్కెం దగ్గర మొదలుపెట్టి ఎడమవైపుకు జరిపాడు. అక్కడ ఆగాడు. అక్కణ్ణుంచి చుట్టూ తిప్పాడు. మళ్ళీ కొక్కెం దగ్గరికి వచ్చాడు. మళ్ళీ తిప్పాడు.

"లోపల కూడా చేశామండి," అన్నాడు కొండలరావు. "బయటకంటే లోపలే టైము పట్టింది. చిలుము అంత మందాన ఉంది. ఎమరీ కాగితం పట్టి, తర్వాత బఫ్ చక్రం కొట్టాం."

"లోపల అక్షరాలు ఉండాలి," అన్నాడు సీతారామాంజనేయులు.

"ఉన్నాయండి. ఇంగ్లీషువి. మనకెందుకులే అని అబ్బాయి గారికి ఫోన్ చేశా, నిన్న సాయంత్రం. లోపల ఏవో పేర్లున్నాయి సార్, మార్గరెట్ అనుంది, థామస్ అనుంది, జెస్సీ అనుంది, ఉంచమంటారా తియ్యమంటారా అని. తెల్లోళ్ళ పేర్లు మన చర్చికెందుకు, నున్నగా చేసెయ్ అన్నారు. చదివే చెప్పానండి. అడక్కుండా చెయ్యలేదు."

దైవాధీనం చెయ్యి ఇంకా లోపలే ఉంది.

"ఏమైందండీ? కావాలంటే మళ్ళీ చెక్కిస్తా. మా బామ్మర్ది శిలాఫలకాలు చెక్కుతాడు. ఆ ఏడు పేర్లూ చెప్పండి చాలు. డబ్బులేం వద్దు."

"వద్దు బాబూ," అన్నాడు దైవాధీనం. "ఓడ మీద చెక్కింది అది."

కొండలరావు కుర్చీ తెప్పించాడు. ఆయన కూర్చోలేదు. అప్పుడు జేబులో ఫోన్ మోగింది. జకరయ్య. స్పీకరు మీదే మాట్లాడాడు. షాపులో అందరూ విన్నారు.

"నాన్నా, గుడివాడ వెళ్ళారా? రైటరు మావయ్య గారింటికి చేస్తే లలితత్తయ్య గారు చెప్పారు. నాకు చెప్తే కారులో తీసుకెళ్ళేవాణ్ణిగా. ఈ వయసులో బస్సులేంటి?"

"జెస్సీ అంటే మీ అక్కరా."

అవతల ఎవరో మేత సంచి ఎక్కడ దించాలని అడిగారు.

"అక్క పేరు చిట్టి కదా."

"ఇంట్లో చిట్టి. బాప్తిస్మంలో జెస్సీ. ఆ గంటలోనే ఇచ్చారు."

"నాకెవరూ చెప్పలేదు నాన్నా."

"చెప్పలేదు," అన్నాడు దైవాధీనం.

జకరయ్య దుకాణం మూసి గుడివాడ వచ్చి వాళ్ళను కారులో ఎక్కించుకున్నాడు. సీతారామాంజనేయులును మచిలీపట్నంలో దించారు. దిగేటప్పుడు సీతారామాంజనేయులు కారు తలుపు పట్టుకుని, "వాడి తప్పు కాదు స్టోకరూ," అన్నాడు.

"నాకు తెలుసు."

ఇల్లు చేరేసరికి సాయంత్రమయింది. కృపాకుమారి చేటలో బియ్యం పోసుకుని అరుగు మీద ఉంది. జకరయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. దైవాధీనం నిలబడే ఉన్నాడు.

"అమ్మా, అక్క పేరు జెస్సీయా?"

ఆమె భర్త వైపు చూసింది. తర్వాత చేట వైపు చూసింది. రెండు రాళ్ళు ఏరి పారేసింది.

"ఎవరు చెప్పారు?"

"గంట లోపల ఉందంట. నేను చెరిపించేశానమ్మా. తెలీక."

ఆమె ఏరడం ఆపలేదు. చేటలో బియ్యం అయ్యే వరకు ఎవరూ కదల్లేదు.

"నీళ్ళు చల్లగా ఉంటాయని వంటోళ్ళ చేత వేణ్ణీళ్ళు తెప్పించాడు కెప్టెన్," అంది. "ఏడుస్తుందని అందరూ చూస్తున్నారు. ఏడవలేదు. గంట అంచు పట్టుకుంది. ఇంతలేసి వేళ్ళు. వదలదే! ఫాదరు గారు నవ్వుతున్నారు. ఒక్కో వేలూ విడదీసి తీసుకోవాల్సి వచ్చింది నేను."

జకరయ్య తల్లి నోట అక్క మాట వినడం అదే మొదటిసారి.

"పేరు రాశారని నాకు తెలీదు," అంది ఆమె, దైవాధీనంతో.

"నువ్వెళ్ళాక చెక్కారు. చూపిద్దామనుకున్నా."

"ఎప్పుడు?"

"రేపు. శుక్రవారం."

కృపాకుమారి చేట తీసుకుని లోపలికి వెళ్ళింది.

సీతారామాంజనేయులు పదకొండు లైన్లూ మళ్ళీ రాశాడు. ఫిబ్రవరి 20న ఫోన్‌లో దైవాధీనానికి చదివి వినిపించాడు. ఒక లైను కొత్తది.

"గోవా తీసేశాను స్టోకరూ. గోవా సంగతి పుస్తకాల్లో ఉంటుందిలే."

ఫోన్ స్పీకరు మీద ఉంది. కృపాకుమారి పక్క గదిలో ఉంది. దైవాధీనం ఆ కొత్త లైను ఇంకోసారి చదవమన్నాడు. సీతారామాంజనేయులు చదివాడు. పక్క గదిలోంచి ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"పుట్టిన ఏడు డెబ్బై ఒకటి కాదండీ," అంది. "డెబ్బై. అక్టోబరు."

సీతారామాంజనేయులు దిద్దుకున్నాడు.

మార్చి 9, ఆదివారం కొత్త చర్చి ప్రతిష్ఠ జరిగింది. గంటను ముందు రోజే స్తంభం మీదికి ఎక్కించారు. రాయిని స్తంభం కింద, మనిషి ఛాతీ ఎత్తున బిగించారు. ఉదయం తొమ్మిదింటికి మొదటి గంట కొట్టారు. దైవాధీనం ముందు వరుసలో కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. రెండో గంట కొట్టారు. గంట ఆగాక, మొదటి పాట సగంలో ఉండగా, కృపాకుమారి వీధి మలుపు తిరిగి వచ్చింది. జకరయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళలేదు. స్తంభం దగ్గర ఆగింది. కళ్ళజోడు తెచ్చుకోలేదు.

"ఏ లైను?" అని అడిగింది.

జకరయ్య తల్లి వేలు పట్టుకుని పదకొండో లైను మీద పెట్టాడు. అక్కడ ఇలా ఉంది: ఈ గంటలో బాప్తిస్మం పొందిన ఏడుగురిలో ఒకరు ఈ ఊరి బిడ్డ జెస్సీ, 1970–1977.